మూడుసార్లు పిలిచే పేరు

మా ఆఫీసులో మనుషులకు నాలుగే గళ్ళు. ఎదురుచూస్తున్నవారు, ఒప్పుకున్నవారు, కాదన్నవారు, వదిలేసినవారు. మా సరిహద్దు ఊరు తపాచులాకి శరణు కోరి వచ్చినవాళ్ళెవరైనా, హొండురాస్ నుంచి రానీ హైతీ నుంచి రానీ, చివరికి ఈ నాలుగింటిలో ఒకదాంట్లో పడాల్సిందే. పడేసేదాన్ని నేను. పేరు జోవితా. తలుపు మీద 'లెక్కల విభాగం' అని పెద్ద బోర్డుంది గానీ, లోపల ఉండేది నేనూ, తిరగనా మాననా అన్నట్టుండే ఒక ఫ్యానూ.

నాకు కుర్చీలో కుదురుగా కూర్చోవడం చేతకాదు. అంకెలు నింపుతూ మధ్యమధ్య లేచి కిటికీ దగ్గరికి పోతాను. కిటికీ కింద గేటు, గేటు ముందు లైను. ఆ లైన్లోవాళ్ళే కాసేపటికి నా కాగితం మీద అంకెలవుతారు. అది తలుచుకుంటే మళ్ళీ కూర్చోబుద్ధి కాదు. మా అధికారి నన్ను కాలు కాలిన పిల్లి అంటాడు. అననీ. ఆయన కాళ్ళు ఎప్పుడూ ఏసీ గదిలోనే ఉంటాయి, కాలడానికేముంది?

దోన్యా నోల్వియా నాకు ఆ లైన్లోనే దొరికింది. దోన్యా అంటే మా భాషలో పెద్దావిడ పేరుకి ముందు చేర్చే మర్యాద. మూడు నెలలకోసారి నన్ను బయటికి తోలుతారు, శరణార్థుల ఉద్యోగాల సంగతి అడిగి రమ్మని. ప్రశ్న రాజధాని నుంచి తయారై వస్తుంది: 'గత వారంలో కనీసం ఒక గంటైనా పని చేశారా?' ఒక్క గంట చేస్తే చాలు, ఉద్యోగం ఉన్నట్టే లెక్క. ఆ రోజు ఎండ మాడ్చేస్తోంది. పొట్టిగా, గుండ్రంగా, నెత్తిన తువ్వాలు వేసుకుని నిలబడ్డ ఒకావిడ ముందు ఆగి ప్రశ్న చదివాను.

"పనంటే ఏంటమ్మా?" అంది.

"పనంటే పనే దోన్యా. కూలి కోసం గానీ, దానికి బదులు ఇంకేదైనా గానీ."

"మార్కెట్టు వెనకాల హోటల్లో గిన్నెలు తోముతున్నా. డబ్బులియ్యరు. చిక్కుడు గింజలూ రొట్టే పెడతారు."

"అయితే మీకు ఉద్యోగం ఉన్నట్టే."

"అట్టాగా? ఆ ముక్క నా కడుపుకి ఎవరూ చెప్పలేదే!"

లైనంతా పగలబడి నవ్వింది. నాకూ నవ్వొచ్చింది గానీ, చేతిలో ప్రభుత్వ కాగితం ఉంది కదా, ఆపుకున్నాను. "ఇంకేమైనా చేస్తారా?" అని అడిగాను.

"చచ్చిపోయినోళ్ళకి తొమ్మిది రోజుల ప్రార్థన చెప్తా. అది రాసుకోకు. అది పని కాదు."

"రోజూ గంట పైనే పడుతుందిగా?"

"పడితే? ఒక్క పైసా పుచ్చుకున్నా ఆ ప్రార్థన గుమ్మం దాటదు. రాయకు, అంకెల పిల్లా."

నలభై దాటినదాన్ని పిల్లా అంటే కోపం రావాలి. రాలేదు. ప్రార్థన రాయలేదు, గిన్నెలు రాశాను. ఆ మూడు నెలల పట్టికలో ఆవిడ ఉద్యోగస్థురాలైంది, మా అధికారి మొహం చేటంతయింది.

తర్వాత ఆవిడ కథ కొంచెం కొంచెంగా తెలిసింది. హొండురాస్‌లోని చోలోమాలో ఆవిడ పేటని ఏలే ముఠా ఒక కుర్రాణ్ణి చంపి, వాడికి ఎవరూ ప్రార్థన చెప్పకూడదని చాటింపు వేసింది. వాడి తల్లి వచ్చి దోన్యా గడపలో కూర్చుంది. దోన్యా వెళ్ళింది. తొమ్మిది రోజులూ, తలుపులు బార్లా తెరిచి మరీ, గొంతెత్తి చెప్పింది. పదోరోజు ఆవిడ గుమ్మం ముందు ఎవరో సున్నంతో ఒక శిలువ గీసిపోయారు. దాని కింద ఆవిడ కొడుకు పేరు, సెల్విన్ అని. సూర్యుడు నెత్తికెక్కేలోపు తల్లీకొడుకులు బస్సెక్కారు.

"అన్ని రోజులు చెప్పేబదులు ఒక్కరోజు చెప్పి ఊరుకోవచ్చు కదా?" అని అడిగాను ఒకసారి.

"సగం దారిలో దింపేసే బస్సు ఎక్కుతావా నువ్వు?" అంది. "చచ్చినోడికీ అంతే. తొమ్మిదోరోజు దాకా తీసుకెళ్ళకపోతే దారిలో ఉండిపోతాడు."

శరణు కోరినవాళ్ళు తీర్పు వచ్చేదాకా వారం వారం వచ్చి సంతకం పెట్టాలి. దోన్యాది గురువారం. వరసగా రెండు వారాలు రాకపోతే దరఖాస్తు 'వదిలేసినట్టు'. కింద సంతకాల కిటికీ దగ్గర కూర్చునే ఉబాల్దో, వేళ ముగిశాక జాబితా పట్టుకుని గేటు దగ్గరికొస్తాడు. రెండోవారం కూడా రానివాళ్ళ పేర్లు మూడేసిసార్లు పిలుస్తాడు. పలికితే సరేసరి. పలకకపోతే ఆ పేరు నా బల్ల మీదికొస్తుంది, నేను నాలుగో గడిలో వేస్తాను. నెల తిరిగేసరికి ఆ అంకె రేడియోలో వినపడుతుంది: ఇంతమంది తమంతట తామే వదిలేసి పోయారు, నిజంగా ప్రాణభయం ఉన్నవాళ్ళయితే పోతారా, అని. విన్నప్పుడల్లా అరికాలి మంట నెత్తికెక్కుతుంది. ఆ అంకె వండింది నేనే మరి.

ఒక గురువారం, మిట్టమధ్యాహ్నం, విల్మర్ రాపలో అనే హొండురాస్ మనిషి లైన్లోనే కూలిపోయాడు. తెల్లవారకముందు నుంచీ నిలబడ్డాడట. సరిగ్గా గేటు ముందు, ఇంకో అడుగు వేస్తే లోపలికి వచ్చేవాడే. అంబులెన్సు వచ్చేసరికే అయిపోయింది. లైన్లోనే పోయాడు కదా అని, ఆ వారం మటుకు ఉబాల్దో 'రాలేదు' అని రాయలేదు. నా అన్నవాళ్ళు ఈ ఊళ్ళో లేరు. శవాన్ని చేతికివ్వడానికి కాగితాల మీద కాగితాలు అడిగి, తర్వాతి బుధవారానికి ఇచ్చారు. లైన్లోవాళ్ళే తలా కొంచెం వేసుకుని పూడ్చారు.

"ఈయనకి ఎవరు చెప్తారు ప్రార్థన?" అని ఎవరో అన్నారట. దోన్యా అప్పటికే నెత్తిన తువ్వాలు సర్దుకుంటోందట.

మా వైపు ఆచారం, మనిషి పోయినచోట నేల మీద సున్నంతో శిలువ వేస్తారు. పూడ్చిన రోజు నుంచి తొమ్మిది రోజులు దాని దగ్గర ప్రార్థన చేసి, చివరిరోజు ముక్క ముక్కగా ఎత్తి, పెట్టెలో వేసి సమాధికి తీసుకెళ్తారు. విల్మర్ పోయింది మా గేటు ముందు కాబట్టి శిలువా అక్కడే. సాయంత్రం ఆఫీసు మూశాక దోన్యా వచ్చి వేసేది, నలుగురూ చేరి ప్రార్థన చేసేవాళ్ళు. పొద్దున్నే గేటు తెరిచేటప్పుడు సగం చెరిగేది, లైను కాళ్ళకింద మిగతా సగం. సాయంత్రం మళ్ళీ వేసేది. కాపలా నెమేసియో చూసీచూడనట్టు ఊరుకున్నాడు.

ఈలోగా దోన్యా నెత్తిన పిడుగు పడింది. విల్మర్‌ని పూడ్చిన మర్నాడు, గురువారం తెల్లవారుజామున, సెల్విన్ తల్లికి చెప్పకుండా ఉత్తరానికి పోయే బస్సెక్కాడు. పని దొరుకుతుందని ఎవరో చెప్పారు. తీర్పు రాకుండా రాష్ట్రం దాటకూడదు. తనిఖీ చోట దింపేశారు, తీసుకెళ్ళి వలసల స్టేషన్లో పెట్టారు. మా పట్టికల్లో వాళ్ళని 'నిర్బంధంలో ఉన్నవారు' అనరు, 'వసతి పొందినవారు' అంటారు. బయటి నుంచి తాళం వేసే వసతి! దోన్యా ఆ రోజంతా స్టేషన్ గోడ పట్టుకుని నిలబడింది. కొడుకు కనబడలేదు, సంతకమూ పోయింది.

నేను ఆగలేక ఆదివారం ఆవిడ గదికే వెళ్ళాను. మొక్కజొన్న పిండి పిసుకుతోంది.

"దోన్యా, బాగా వినండి. సెల్విన్ దరఖాస్తు మీ ఫైల్లోనే ఉంది. ఆ ఫైలు బతికుంటేనే వాణ్ణి ఇక్కడ ఉంచుతారు. ఈ గురువారం కూడా మీరు సంతకం పెట్టకపోతే ఫైలు మూసేస్తారు. మర్నాడే వాణ్ణి సరిహద్దు బస్సెక్కిస్తారు."

ఆవిడ చేతులు ఆగాయి. "ఆ బస్సు ఎక్కడాగుతుందో నాకు తెలుసు. ఆగినకాడ ఎవరు కాసుకునుంటారో కూడా తెలుసు," అంది.

"అందుకే చెప్తున్నా. గురువారం చీకటితోనే వచ్చి లైన్లో నిలబడండి."

"నిలబడతా. కానీ ఆరోజు విల్మర్‌కి తొమ్మిదోరోజు. ఆయన పడిపోయిన వేళకి శిలువ ఎత్తాలి."

"అది మధ్యాహ్నం కదా! ఒంటిగంటకి కిటికీ మూసేస్తారు! సాయంత్రం ఎత్తుకోండి, ఆయనేం అనడు!"

"ఆయన అనడు. అనలేడు కాబట్టే నేనుండాలి."

నాకు ఒళ్ళు మండింది. "కన్నకొడుకు కంటే ఊరూపేరూ తెలీని శవం ఎక్కువైందా?" అనేశాను. ఆవిడ నా వైపు చూసిన చూపుకి, ఆ మాట వెనక్కి తీసుకునే దారుంటే బాగుండుననిపించింది.

"నా కొడుకు ఎందుకు పారిపోయొచ్చాడో నీ కాగితంలో రాసుకున్నావుగా, తల్లీ?" అంది చివరికి. "నేను ఒకణ్ణి సగంలో వదలనన్నందుకు. ఇప్పుడు ఇంకోణ్ణి వదిలేస్తే, మరి అప్పుడు ఎందుకు వదల్లేదని వాడు అడగడా?"

గురువారం నేను కుర్చీలో కూర్చున్నదే లేదు. దోన్యా చీకటితోనే వచ్చిందని నెమేసియో చెప్పాడు. వచ్చింది గానీ, ఆమెకంటే ముందు రాత్రంతా పడుకున్నవాళ్ళు లైన్లో ఉన్నారు. గేటు తెరవగానే తెరిచిన గేటు ముందు కొత్త శిలువ వేసింది. మిగతా రోజులు చెరిగినా మళ్ళీ వెయ్యొచ్చు, చివరిరోజు మాత్రం చెరగకూడదు. లైను దాని పక్కనుంచి వంపు తిరిగింది. ఒక్క కాలు దాని మీద పడలేదు. పైగా ఆ పొద్దున్న కంప్యూటర్లు మొరాయించాయి. పదయింది, పదకొండయింది, లైను నత్తనడక. నేను కిటికీ దగ్గరికి పోవడం, ఆవిడకి ముందు ఎంతమంది ఉన్నారో చూడటం, గోళ్ళు కొరుక్కోవడం.

సూర్యుడు నడినెత్తికి వచ్చేసరికి దోన్యా గేటు దగ్గరికి చేరుకుంది. ఇంకో పదిమంది తర్వాత ఆవిడే. అప్పుడు లైన్లోంచి పక్కకి వచ్చేసింది! శిలువ దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని జపమాల తీసింది.

ఆవిడ మొదలుపెట్టగానే లైను ఆగిపోయింది. ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఎత్తుతున్న శిలువని దాటి పోవడం మా దగ్గర ఎవరూ చెయ్యని పని. ముందున్నవాళ్ళు టోపీలు తీసి నిలబడిపోయారు. వాళ్ళ సంతకాలూ పోతాయని వాళ్ళకి తెలియదా? తెలుసు. లోపల ఉబాల్దో "తర్వాత! తర్వాత!" అని అరుస్తున్నాడు. రావడానికి మనిషి లేడు.

నేను మెట్లు దిగి పరిగెత్తాను. ఒంటిగంటకి ఉబాల్దో జాబితా పట్టుకుని బయటికొచ్చాడు. చెడ్డవాడు కాదు, గడియారం మనిషి.

"వేళైంది. గేటు వెయ్యి, నెమేసియో."

మా గేటు బయటికి తెరుచుకుంటుంది. మూయాలంటే ఇనపరెక్క నేలని రాసుకుంటూ శిలువ మీదుగానే రావాలి. నెమేసియో రెక్క మీద చెయ్యి వేశాడు. కిందకి చూశాడు. చెయ్యి తీసేసి, టోపీ కూడా తీసేశాడు.

"నా చేత్తో కాదు సార్."

"నీకు జీతం ఇచ్చేది దేనికయ్యా?"

"గేటు ముయ్యడానికే సార్. మా అమ్మకి ఎత్తినప్పుడు నేనే పట్టుకున్నా ఇట్టాంటి శిలువ. కావాలంటే మీరు మూసుకోండి."

ఉబాల్దో రెక్క పట్టుకున్నాడు. రెండంగుళాలు లాగాడు. ఇనుము కీచుమంది. లైన్లో అందరూ ఆయన చేతినే చూస్తున్నారు. ఆయనా ఈ ఊరివాడే కదా, ఆయనకీ చచ్చిపోయినవాళ్ళుంటారు. రెక్క వదిలేశాడు. వదిలేసి, ఆ ఉక్రోషమంతా జాబితా మీద పెట్టాడు.

"విల్మర్ రాపలో!"

గొంతులో ఏ తేడా లేదు. జాబితాలో ఉన్న పేరు, అంతే. పోయినవాడని చెప్పే గడి మా దగ్గర లేదు కదా. "విల్మర్ రాపలో!" అన్నాడు రెండోసారి. మూడోసారి అన్నాడు.

"హాజర్!" అంది లైను.

అంతమంది ఒక్క గొంతుతో. నలుగురు చేరినచోట పోయినవాడి పేరు పిలిస్తే, బతికున్నవాళ్ళు వాడి తరఫున పలకడం మాకు అలవాటే. కానీ ఆఫీసు గేటు దగ్గర ఎవరూ పలకగా నేను వినలేదు. ఉబాల్దో ఎర్రబడి, "ఎక్కడున్నాడు? వచ్చి సంతకం పెట్టమనండి!" అన్నాడు. ఎవరో శిలువ వైపు చెయ్యి చూపారు. ఆయన పెన్ను జాబితా మీద ఆగిపోయింది.

"నోల్వియా పాదియ్యా!" అన్నాడు తర్వాత.

ఆవిడ శిలువ కుడిచేతిని దోసిట్లోకి తీస్తూ పాడుతోంది. పాట మధ్యలో ఆపకూడదు. ఆయన రెండోసారి పిలిచాడు. నేనిక ఆగలేకపోయాను.

"మీ కాళ్ళ దగ్గరే ఉంది కదయ్యా, కనబడటం లేదా?" అన్నాను.

"సంతకం పెట్టాలి జోవితా. వేళ దాటింది."

"రూలు నాకు చెప్పకు. గేటు మూశాక వచ్చినవాళ్ళకి సంతకం లేదు, రూలు అదీ. గేటు మూశావా? మూసి చూపించు!"

ఆయన నన్ను చూశాడు, గేటుని చూశాడు. లోపలికి పోయి సంతకాల కిటికీలో కూర్చున్నాడు.

శిలువ మొత్తం ఎత్తేసరికి రెండయ్యుంటుంది. సబ్బుల పెట్టెలో సున్నం పోసి తువ్వాలు కప్పారు. ముందున్నవాళ్ళందరూ సంతకాలు పెట్టారు, అందరికంటే చివర దోన్యా. ఆమె వేళ్ళ సున్నం కాగితానికి అంటుకుంది. ఉబాల్దో దులపబోయి, మళ్ళీ అలాగే ఉంచేశాడు.

ఆ ఇనపరెక్క దారిలోనే శిలువ వేస్తే గేటు మూయలేరని ఆవిడకి ముందే తెలుసా? అడిగాను. "ఆయన పడ్డకాడ వేశా, తల్లీ. గేటు అక్కడెందుకు కట్టుకున్నారో మీరే చెప్పాలి," అంది. మొహంలో ఏమీ దొరకలేదు.

"విల్మర్‌కి హాజరు వేశారుగా?" అని ఆవిడ అడిగింది.

వేశారని అబద్ధమాడాను. ఆ సాయంత్రమే అతన్ని నాలుగో గడిలో వేశాను. 'మరణించినవారు' అని ఇంకో గడి పెడదామని అధికారిని అడిగితే, రాజధాని పట్టికలో చోటు లేదన్నాడు. వాదించాను. దున్నపోతు మీద వాన.

ఫైలు బతికింది. సెల్విన్‌ని తల్లికి అప్పగించారు, ఇకపై అతనూ విడిగా వారం వారం సంతకం పెట్టాలన్న షరతు మీద. పొడుగ్గా, సన్నగా, ఒకచోట నిలవని కాళ్ళు. అతన్ని చూస్తే నన్ను నేను చూసుకున్నట్టుండేది. చేతిలో పని చేసుకోవచ్చని రాసున్న కాగితం ఉంది. ఊళ్ళో ఏ షాపువాడూ ఆ కాగితాన్ని లక్ష్యపెట్టలేదు. మళ్ళీ మూడు నెలలు తిరిగాయి, నన్ను బయటికి తోలారు. లైన్లో తల్లి పక్కన అతను.

"గత వారంలో కనీసం ఒక గంటైనా పని చేశారా?"

"చేశా మేడం. మార్కెట్లో అరటి గెలలు దించా. సరిగ్గా గంట. తర్వాత పొమ్మన్నారు."

"అయితే..."

"ఉద్యోగస్థుణ్ణి కదా? మా అమ్మ చెప్పింది. మరి నా ఉద్యోగం ఎక్కడుందో కూడా ఆ కాగితంలో ఉంటే చెప్పండి, రేపు పొద్దున్నే పోతా."

దోన్యా వీపు మీద ఒక్కటేసింది. అందరం నవ్వాం. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

తర్వాతి గురువారం దోన్యా ఒక్కతే వచ్చింది. నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు. ఆ పై గురువారమూ ఒక్కతే. సంతకం పెట్టి వెళ్ళిపోకుండా గేటు బయట నిలబడింది. ఒంటిగంటకి ఉబాల్దో జాబితాతో వచ్చాడు.

"సెల్విన్ పాదియ్యా!"

లైనంతా ఆవిడ వైపు తిరిగింది. నెమేసియో చూపు నేలకి దించేశాడు.

"సెల్విన్ పాదియ్యా!"

ఉబాల్దో ఈసారి నిదానంగా పిలిచాడు, ఎవరైనా ఏదైనా అంటే బాగుండునన్నట్టు. వెనక ఎవరో కుర్రాడు, మంచికే పాపం, "హా..." అని మొదలుపెట్టాడు.

దోన్యా గిరుక్కున తిరిగింది. "నోర్ముయ్! నా కొడుకు బతికే ఉన్నాడు!"

మూడోసారి పిలిచినప్పుడు ఎవరూ పలకలేదు. పెన్ను కదిలింది.

నేను గేటు దాకా వెళ్ళాను. ఆవిడ చెయ్యి పట్టుకుందామనుకుని, పట్టుకోలేకపోయాను. ఆవిడే అడిగింది:

"ఇప్పుడు వాణ్ణి ఏ గడిలో వేస్తావు, అంకెల పిల్లా?"

"వదిలేసినవారిలో, దోన్యా."

తల ఊపింది. తువ్వాలు సర్దుకుంది. "వెయ్యి. ఆ గడిలో ఉన్నోళ్ళంతా ఎక్కడో ఓచోట నడుస్తూ ఉండుంటారు," అంది.

ఆ గడిలోనే విల్మర్ కూడా ఉన్నాడని నేను ఆవిడకి చెప్పలేదు.